పాత ట్రాక్టరు బ్యాటరీని 6 వోల్టుల నుండి 12 వోల్టులకు మార్చుట

ట్రాక్టరు గల రైతుల ఉపయోగార్థము

పాత పెట్రోలు ట్రాక్టరులను తక్కువ వెలకు కొని సేద్యమునకు వాడు రైతులు ఉదయమున ఇంజను లేవకపోవుటచే తఱచు ఇబ్బందులకు లోనగుచుందురు. మీట నొక్కినంతనే స్టార్టరు మూలిగి, రెండు చుట్లు తిరిగి నిలిచిపోవును. అది అమెరికా రైతునకు గడ్డికోత కాలమైనను, తెలుగునాటి రైతునకు మృగశిరకార్తె యైనను, అదను తప్పిన దినము మరల రాదు. అట్టి సమయమున పొరుగువారో మెకానిక్కో వచ్చి, "ఈ 6 వోల్టుల బ్యాటరీలో బలము లేదు, 12 వోల్టులది వేయించండి" అని చెప్పుట పరిపాటి. ఈ సలహా కొన్ని సందర్భములందు మంచిదే. కాని మాఱ్పు సగము చేసి విడిచినచో కాయిలు కాలును, పాయింట్లు మాడును, క్రొత్తగా కొన్న ఆల్టర్నేటరు బిగించిన దినముననే చెడిపోవును, బ్యాటరీ ప్రేలి కన్నులకు ముప్పు వాటిల్లుటయు కలదు. అదియుగాక ఈ మాఱ్పు అవసరమే లేని చోట్ల చేయించుకొని ధనము పోగొట్టుకొనిన వారును ఉన్నారు. కావున మొదట ఏమి పరీక్షింపవలెనో, పిమ్మట ఏయే భాగములు మార్పవలెనో ఈ పత్రమునందు వివరింపబడినది.

భారతదేశమున 1959, 1960 సంవత్సరముల నుండి తయారగుచు వచ్చిన ట్రాక్టరులు చాలవఱకు డీసెలుతో నడచునవి. డీసెలు ఇంజనులో గాలి సుమారు 16 మొదలు 18 ఇంతల వఱకు అదుమబడును గాన, దానిని త్రిప్పుటకు ఎక్కువ బలము కావలెను. అట్టి ట్రాక్టరులు 12 వోల్టుల బ్యాటరీతో నడచునవి గనుక వాని యజమానులకు ఈ మాఱ్పుతో పనిలేదు. అయినను తీగలను, బిగింపులను పరీక్షించుటను గుఱించి ఈ క్రింద వ్రాయబడినది వారికిని ఉపయోగపడును.

6 వోల్టుల ఏర్పాటు గలవి అంతకు పూర్వపు పెట్రోలు ట్రాక్టరులు. వానిలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది ఫోర్డు 8ఎన్. ఇది 1947 మొదలు 1952 వఱకు అమెరికాలోని మిషిగాను రాష్ట్రమున హైలాండు పార్కు కర్మాగారమునందు 5 లక్షలకు పైగా తయారైనది. దీనికి ముందు 1939లో 9ఎన్, 1942లో 2ఎన్ అను రకములు వచ్చినవి. రెండవ ప్రపంచయుద్ధకాలమున సామగ్రి కొఱతచే కొన్ని 2ఎన్ ట్రాక్టరులకు బ్యాటరీయు లేదు, స్టార్టరును లేదు. ఇనుప చక్రములతో, చేతితో త్రిప్పు కడ్డీతో అవి అమ్మబడినవి. ఈ ఎన్ తరగతి ట్రాక్టరులను అమెరికాలో చిన్న కమతములవారు గడ్డి కోయుటకును, నేల చదును చేయుటకును నేటికిని వాడుచున్నారు. ఈ పత్రమునందలి వివరములు ముఖ్యముగా 8ఎన్‌ను దృష్టిలో నుంచుకొని వ్రాయబడినవి. ఇతర 6 వోల్టుల పెట్రోలు ట్రాక్టరులకు కూడ మూలసూత్రములు ఇవియే.

వోల్టు, అంపియరు అను మాటలు రైతులకు క్రొత్తవిగా తోచవచ్చును గాని వాని భావము క్రొత్తది కాదు. చెఱువులో తూమునకు పైన నీరు ఎంత ఎత్తున నిలిచియున్నదో అది వోల్టులవంటిది. తూము తీసినపుడు కాలువలో పాఱు నీటి పరిమాణము అంపియరులవంటిది. కాలువలోని పూడిక, తుంగ, ఇఱుకైన మలుపులు నీటిని అడ్డగించునట్లే తీగయందలి సన్నదనము, త్రుప్పు, వదులైన బిగింపులు విద్యుత్తును అడ్డగించును. దీనికి నిరోధమని పేరు. దీనిని ఓములతో కొలుచుదురు. వోల్టులను అంపియరులచే గుణించగా వచ్చునది వాట్లు, అనగా జరుగు పని. ఎత్తు తక్కువగా నున్న చెఱువునుండి అంతే పని రాబట్టవలె ననిన కాలువ వెడల్పుగా నుండవలెను. 6 వోల్టుల ఏర్పాటునకు, 12 వోల్టుల ఏర్పాటునకు గల భేదమంతయు ఇందులోనే యున్నది.

లెక్కతో చూచినచో ఇది స్పష్టపడును. ఒక స్టార్టరునకు 1200 వాట్లు కావలెనని అనుకొన్నచో, 6 వోల్టుల బ్యాటరీనుండి 200 అంపియరులు రావలెను. 12 వోల్టులదాని నుండి 100 చాలును. దారిలో ఒకచోట త్రుప్పు పట్టి ఒక ఓములో 200వ వంతు నిరోధము ఏర్పడినదనుకొనుడు. ఇది చేతికి గాని కంటికి గాని తెలియనంత స్వల్పము. 200 అంపియరులు అందుగుండా పోవునపుడు 1 వోల్టు అక్కడనే నష్టమగును. అనగా 6లో 1, ఆఱవవంతు. 12 వోల్టుల ఏర్పాటులో 100 అంపియరులే పోవును గాన నష్టము అఱ వోల్టు మాత్రమే. అనగా 12లో అఱ, ఇరువదినాలుగవ వంతు. ఒకే త్రుప్పు ఒక ట్రాక్టరును నిలువున ఆపివేయును, మఱియొక దానిలో ఉన్నట్లే తెలియదు. అమెరికాలోని కార్ల కంపెనీలలో చాలవఱకు 1953 మొదలు 1956 వఱకు గల కాలమున 12 వోల్టులకు మాఱుటకు, ఇంజనుల ఒత్తిడి పెరుగుటతో పాటు, ఇదియు ఒక కారణము.

అయితే దీనినిబట్టి 6 వోల్టుల ఏర్పాటే బలహీనమైన దనుకొనరాదు. 8ఎన్ ఇంజనులో ఒత్తిడి 7 ఇంతలకు లోపే. చలి మిక్కుటమైన మిషిగాను రాష్ట్రముననే ఈ ట్రాక్టరులు తయారై, అచ్చటి రైతులచే 6 వోల్టులతోనే ఏండ్ల తరబడి నడుపబడినవి. నాడు లేచిన ఇంజను నేడు లేవకపోయిన కారణము వోల్టులలో గాక, 70 ఏండ్లకు పైబడిన తీగలలోను, బిగింపులలోను ఉండుటయే ఎక్కువ. బండి కదలనపుడు ఇరుసునకు కందెన ఉన్నదో లేదో చూడక రెండవ జత ఎడ్లను కట్టువానిని ఊరివారు నవ్వుదురు. బ్యాటరీ విషయమునను అంతే. 12 వోల్టులు వేసినపుడు పాత త్రుప్పు కొంతకాలము మఱుగుపడును గాని పోదు.

కావున పరీక్ష మొదట బ్యాటరీతో ఆరంభింపవలెను. 6 వోల్టుల బ్యాటరీలో 3 అఱలుండును. ఒక్కొక్క అఱ 2 వోల్టులకు కొంచెము పైగా ఇచ్చును. నిండుగా ఛార్జి చేసి కొన్ని గంటలు కదల్పక ఉంచిన పిమ్మట మీటరుతో చూచినచో 6.3 వోల్టులకు తగ్గకుండ ఉండవలెను. 6 వోల్టులే చూపినచో అది దాదాపు ఖాళీయైనదని గ్రహింపవలెను. నిండుగా నున్న బ్యాటరీ స్టార్టరు తిరుగుచుండగా 5 వోల్టులకు దిగువకు పడిపోయినచో, బ్యాటరీయైనను ముదిసినది, లేదా స్టార్టరైనను మితిమీఱిన విద్యుత్తును లాగుచున్నది. స్టార్టరులోని ఇఱుసు పట్టీలు అఱిగి లోపలి చక్రము గోడలకు రాచుకొన్నను ఇట్లు జరుగును. అట్టి స్టార్టరును బాగుచేయింపక 12 వోల్టులు వేయుట, కుంటి యెద్దును కొట్టి నడుపుట వంటిదే.

తరువాత తీగల పరీక్ష. దీనికి కావలసినది ఒక మల్టీమీటరు, ఒక సహాయకుడు. గేరు న్యూట్రలులో నుంచి, చక్రములకు అడ్డు పెట్టి, ఇంజను అంటుకొనకుండ కాయిలు తీగను విప్పవలెను. మీటరు ఒక ముల్లును బ్యాటరీ స్తంభము మీదను, రెండవ ముల్లును స్టార్టరు మీది బోల్టునకును ఆనించి, సహాయకుని స్టార్టరు మీట నొక్కుమనవలెను. ముల్లును బ్యాటరీ బిగింపు మీద పెట్టరాదు, సీసపు స్తంభము మీదనే పెట్టవలెను. లేకున్నచో బిగింపునకును స్తంభమునకును నడుమ గల దోషము లెక్కలోనికి రాదు. ఆ సమయమున మీటరు చూపు సంఖ్యయే దారిలో నష్టమగు వోల్టులు. అది పావు వోల్టునకు మించరాదు. ఇట్లే రెండవ స్తంభమునకును స్టార్టరు ఇనుప దేహమునకును నడుమ చూడవలెను. చాలమంది మొదటి పరీక్ష చేసి రెండవదానిని విడిచిపెట్టుదురు. కాని విద్యుత్తు పోయిన దారినే కాక తిరిగివచ్చు దారిని గూడ చూడవలెను. ట్రాక్టరు ఇనుప దేహమే ఆ తిరుగు దారి. దీనినే ఎర్తు అందురు. ఎర్తు తీగ బిగించిన చోట రంగు పూసియున్నను, త్రుప్పు పట్టినను దారి మూసికొనిపోవును.

నష్టము ఎక్కువగా నున్నచో చేయవలసిన పని చౌకయైనది. బిగింపులు విప్పి, స్తంభములను, బిగింపుల లోపలి భాగమును ఉప్పుకాగితముతో మెఱయునట్లు రుద్దవలెను. తెల్లని, పచ్చని పొక్కులున్నచో నీటిలో వంటసోడా కలిపి కడుగవలెను. ఆ నీరు బ్యాటరీ అఱలలోనికి దిగకుండ మూతలు గట్టిగా బిగించియుండవలెను. ఎర్తు తీగ తగులు చోట రంగును గీకివేసి, ఇనుము కనబడిన పిమ్మట బోల్టు బిగించి, పైన గ్రీజు పూయవలెను. తీగయే సన్ననిదైనచో మార్పవలెను. ఇచ్చట ఒక సాధారణ దోషము చెప్పవలసియున్నది. పాత తీగ తెగిపోగా అంగడికి పోయి, 12 వోల్టుల కార్లకు అమ్ము తీగను తెచ్చి బిగించుట వాడుక. అది చూపునకు లావుగానే కనబడును గాని, లావంతయు పైతొడుగుదే. లోపలి రాగి 20, 25 చదరపు మిల్లీమీటరులకు మించదు. 6 వోల్టుల స్టార్టరునకు 70 చదరపు మిల్లీమీటరుల రాగి తీగ తగినది. ఈ ఒక్క మాఱ్పుతో, ఏండ్లుగా మొరాయించిన ఇంజను మొదటి చుట్టులోనే లేచుట సామాన్యము.

ఇంతవఱకు చేసిన పిమ్మటను 12 వోల్టులకు మాఱుటకు తగిన కారణములు లేకపోలేదు. 6 వోల్టుల బ్యాటరీ సమీపపు పట్టణములో దొరకకపోవుట, పాత జనరేటరు బాగుచేయుటకు వీలులేనంత చెడిపోవుట, రాత్రి పనికి మంచి దీపములు కావలసియుండుట, 12 వోల్టులతో నడచు మందు చల్లు పంపు వంటి సాధనములు తగిలింపవలసియుండుట ఇట్టివి. వీనిలో ఏదియు లేక, వారమున కొకసారి నడుపు ట్రాక్టరును మార్చుట వ్యర్థవ్యయమే యగును.

మార్పదలచినవారు మొదట తెలిసికొనవలసినది ధ్రువముల సంగతి. 8ఎన్ ట్రాక్టరులో బ్యాటరీ ధనధ్రువము ఇనుప దేహమునకు కట్టబడియుండును. నేడు అంగడిలో దొరకు ఆల్టర్నేటరులు దాదాపు అన్నియు ఋణధ్రువము దేహమునకు కట్టినచోటనే పనిచేయును. వానిలో డయోడులను చిన్న భాగములుండును. అవి బావిపంపులోని కవాటమువలె విద్యుత్తును ఒకవైపునకే పోనిచ్చును. బ్యాటరీని పాత అలవాటుచొప్పున తలక్రిందుగా తగిలించినచో ఆ కవాటములు రెప్పపాటులో కాలిపోవును. కావున క్రొత్త బ్యాటరీ ఋణధ్రువమును దేహమునకును, ధనధ్రువమును స్టార్టరు తీగకును కట్టవలెను. తగిలించుటకు ముందు రెండవమాఱు చూచుట మంచిది.

ధ్రువములు మార్చినచో స్టార్టరు వెనుకకు తిరుగునేమో యని కొందఱు భయపడుదురు. అట్లు జరుగదు. ఈ స్టార్టరులో అయస్కాంతశక్తి తీగచుట్లవలననే పుట్టును. ధ్రువములు మాఱినపుడు బయటి చుట్లలోను, లోపలి చుట్లలోను ప్రవాహము ఏకకాలమున మాఱును గనుక తిరుగు దిక్కు మాఱదు. కావున పాత 6 వోల్టుల స్టార్టరునే ఉంచుకొనవచ్చును. అయితే అది మునుపటికంటె వేగముగ తిరిగి, దాని చిన్న పండ్లచక్రము ఇంజను చక్రమును గట్టిగా తాకును. ఒక్కొక్క పర్యాయము 10 సెకండులకు మించి నొక్కియుంచరాదు. నడుమ ఒకటి రెండు నిమిషములు చల్లాఱనీయవలెను. ఇంజను తిరుగుచుండగా మీట నొక్కినచో పండ్లు విఱుగుట తప్పదు.

స్టార్టరునకు విద్యుత్తు నిచ్చు సోలినాయిడు స్విచ్చి విషయమున జాగ్రత్త అవసరము. 8ఎన్‌లో గేరు కడ్డీ ప్రక్కనున్న మీట నొక్కినపుడు అది స్విచ్చికి విద్యుత్తు నీయదు; స్విచ్చి నుండి వచ్చిన సన్నతీగను దేహమునకు తగిలించును. కార్లకు వాడు స్విచ్చీలు కొన్ని ఇందుకు విరుద్ధముగ పనిచేయును. పైకి రెండును ఒక్క తీరుగనే యుండును. అమ్మువానికి ఈ భేదము చెప్పి, మీటచే ఎర్తు తగులునపుడు పనిచేయు 12 వోల్టుల స్విచ్చినే అడిగి తీసికొనవలెను.

ఈ మాఱ్పులో ఎక్కువగా చెడునది కాయిలు. ప్లగ్గులకు నిప్పురవ్వ నిచ్చునది ఇదియే. పాయింట్లు మూసికొనినపుడు కాయిలు గుండా కొంత విద్యుత్తు పాఱును. తెఱచుకొనినపుడు అది హఠాత్తుగా ఆగి, రవ్వ పుట్టును. పాయింట్లగుండా పోవునది సుమారు 4 అంపియరులున్న మేలు. ఒక 6 వోల్టుల కాయిలు నిరోధము ఒకటిన్నర ఓములనుకొన్నచో, ఇంజను నడచునపుడు గల 7 వోల్టులకు నాలుగున్నరకు కొంచెము పైగా అంపియరులు పాఱును. అదే కాయిలును 12 వోల్టుల ఏర్పాటునకు తగిలించినచో ఇంజను నడచునపుడు వోల్టులు 14కు చేరును. అపుడు 9 అంపియరులకు పైగా పాఱును. మొదటి దినము ఇంజను చక్కగా లేచును. రైతు సంతోషించును. కాయిలు వేడెక్కి లోపలి మైనము కరగి, పాయింట్లు నల్లబడి, కొన్ని గంటలకో కొన్ని దినములకో పొలము నడుమ ఇంజను ఆగును. దోషము బ్యాటరీదని గాని పెట్రోలుదని గాని తోచునే తప్ప, కాయిలు జ్ఞాపకము రాదు.

దీనికి ప్రతిక్రియ రెండు విధములు. పాత కాయిలునే ఉంచి, దాని దారిలో సుమారు 2 ఓముల నిరోధపు ముక్కను చేర్చినచో మొత్తము మూడున్నర ఓములై, 14 వోల్టులకు 4 అంపియరులే పాఱును. లేదా 12 వోల్టుల కాయిలును కొనవలెను. ఇది మేలైన పద్ధతి. అయినను పేరు చూచి నమ్మరాదు. 12 వోల్టులదని అమ్మబడు కాయిలులు కొన్ని వెలుపల నిరోధము ఉండునని యెంచి చేయబడినవి. కావున మీటరుతో కొలిచి, కాయిలును నిరోధపు ముక్కయు కలిసి మూడున్నర ఓములకు సమీపముగ నుండునట్లు చూచుకొనవలెను. 8ఎన్‌లో 1950 వఱకు వచ్చినవానికి డిస్ట్రిబ్యూటరు ఇంజను ముందుభాగమున నుండి, చదరపు పెట్టెవంటి కాయిలు దానిపైననే కూర్చుండును. వీనిలో మీటరుల పలక వెనుక నిరోధపు ముక్క ఒకటి కర్మాగారమునందే అమర్పబడియుండును; దానిని తీసివేయరాదు. తరువాతి వానికి డిస్ట్రిబ్యూటరు ప్రక్కన నుండును, కాయిలు గుండ్రనిది. గుండ్రని కాయిలునకు గల రెండు చిన్న బోల్టుల తీగలను, ధ్రువములు మార్చినపుడు, ఒకదాని స్థానమున ఒకటి మార్చి తగిలింపవలెను. లేకున్నచో రవ్వ బలము తగ్గును. ఇంజను ఆగియుండగా తాళము తెఱచియుంచుట ఏ కాయిలునకును మంచిది కాదు.

పాత జనరేటరు దాదాపు 7 వోల్టుల వఱకే ఇచ్చునట్లు కట్టడి చేయబడియుండును. అది 12 వోల్టుల బ్యాటరీని నింపలేదు. క్రింది పొలమునుండి పైపొలమునకు నీరెక్కనట్లే. కొందఱు జనరేటరును విప్పక, 12 వోల్టుల బ్యాటరీని ఇంటియొద్ద ఛార్జరుతో నింపుకొనుచు పని గడుపుదురు. ఇది నాలుగు దినముల ఉపాయమే గాని ఏర్పాటు కాదు. జనరేటరు స్థానమున ఆల్టర్నేటరును బిగించుటయే సరియైన పని. ఇది ఇంజను మెల్లగా తిరుగునపుడు సయితము ఛార్జి ఇచ్చును. బెల్టు చక్రములు ఒకే వరుసలో నుండవలెను. ఆ బెల్టే ఫ్యానును, నీటిపంపును త్రిప్పును గనుక అది వంకరగా నడచి తెగినచో ఇంజను కాగిపోవును.

ఆల్టర్నేటరులలో ఒకే తీగతో పనిచేయు రకము కలదు. బిగించుట సులభమే గాని, ఇంజనును ఒకసారి వేగముగ త్రిప్పినగాని అది ఛార్జి ఆరంభింపదు. తాళమునుండి వేఱొక తీగ తీసికొను రకములో ఒక చిక్కు కలదు. తాళము తీసిన తరువాతను ఆల్టర్నేటరునుండి ఆ తీగద్వారా విద్యుత్తు వెనుకకు పాఱి కాయిలునకు చేరుచుండుటచే ఇంజను ఆగదు. ఆగని ట్రాక్టరును చూచి రైతు కంగారుపడి తీగలు పీకుట ప్రమాదకరము. ఆ తీగ నడుమ ఒక డయోడును గాని చిన్న దీపమును గాని ఉంచినచో ఈ చిక్కు తీఱును. ఇంజను నడచుచుండగా బ్యాటరీ బిగింపును విప్పి చూచుట పాత జనరేటరుల కాలమున అలవాటు; ఆల్టర్నేటరునకు అది ప్రాణాంతకము. బిగించిన పిమ్మట బ్యాటరీ యొద్ద 14 వోల్టులకు అటునిటుగా చూపవలెను. 15కు చేరినచో కట్టడి చెడినదని తెలిసి వెంటనే ఆపవలెను.

పలకమీది అంపియరు మీటరు 6 వోల్టులకైనను 12 వోల్టులకైనను పనిచేయును. ధ్రువములు మాఱినవి గాన దాని రెండు తీగలను తాఱుమాఱు చేసినచో చాలును. లేకున్నచో ఛార్జి అగుచుండగా ఖర్చగుచున్నట్లు చూపును. అయితే ఈ పాత మీటరు 30 అంపియరులకు లోబడినది. ఆల్టర్నేటరు 60 అంపియరులైనను ఈయగలదు. పూర్తిగా ఖాళీయైన బ్యాటరీతో ఇంజనును లేపి ఆల్టర్నేటరుచే నింపించుట మీటరునకును, దాని తీగకును మంచిది కాదు. ముందు ఇంటియొద్ద ఛార్జరుతో నింపవలెను. ఆల్టర్నేటరునుండి వచ్చు తీగ 6 చదరపు మిల్లీమీటరుల కంటె తక్కువ రాగి గలదై యుండరాదు.

దీపములన్నియు మార్పవలెను. 6 వోల్టుల దీపమును 12 వోల్టులకు తగిలించినచో ఒక్కసారి తళుక్కున వెలిగి ఆరిపోవును. 35 వాట్ల దీపము 6 వోల్టులలో 6 అంపియరులకు కొంచెము తక్కువ తీసికొనును, 12 వోల్టులలో 3 అంపియరులకు లోపే. కావున పైతొడుగు చెడని పాత దీపపు తీగలను ఉంచుకొనవచ్చును. గుడ్డ చుట్టిన తీగలు పెళుసెక్కి రాలుచున్నచో నిస్సందేహముగ తీసివేయవలెను.

బ్యాటరీలో నుండునది నీటితో కలిసిన గంధకికామ్లము. ఛార్జి అగునపుడు దానినుండి వెలువడు హైడ్రోజను వాయువు గాలిలో నూటికి 4 వంతులు చేరినంతనే నిప్పురవ్వకు ప్రేలును. చుట్ట, బీడీ, దీపపు బుడ్డి దానిదగ్గఱకు రానీయరాదు. తీగలు విప్పునపుడు ఎర్తు బిగింపును మొదట విప్పవలెను. తగిలించునపుడు దానిని చివర తగిలింపవలెను. ఈ క్రమమునకు కారణము కలదు. ఎర్తు ఇంకను తగిలియుండగా రెండవ బిగింపును విప్పు పానా ట్రాక్టరు ఇనుమునకు తాకినచో వందలకొలది అంపియరులు పానాగుండా పాఱి, అది ఎఱ్ఱగా కాగును. ఆ రవ్వకే వాయువు అంటుకొనును. ఎర్తు ముందుగా విప్పియున్నచో పానా ఎక్కడ తాకినను ఏమియు కాదు. నీరు తగ్గినచో శుద్ధజలమునే పోయవలెను. బావినీరు, బోరునీరు పోసినచో అందలి లవణములచే పలకలు చెడును. ఆమ్లము కంట పడినచో చల్లని మంచినీటితో 15 నిమిషములకు తక్కువ కాకుండ కడిగి, వెంటనే వైద్యునియొద్దకు పోవలెను. ఉంగరము, చేతి గడియారము తీసివేసి పనిచేయుట మంచిది.

6 వోల్టుల ట్రాక్టరు లేవనపుడు 12 వోల్టుల కారు బ్యాటరీనుండి తీగలు తగిలించి లేపుట కొందఱికి వాడుక. అంతసేపును కాయిలు గుండా రెట్టింపు విద్యుత్తు పాఱును. దీపములు వేసియున్నచో మాడును. పాత బ్యాటరీ పొంగి వాయువును విపరీతముగ వెలువరించును. ధ్రువములు గూడ భిన్నములు గాన రెండు బండ్ల దేహములు తాకినంతనే పెద్ద రవ్వ పుట్టవచ్చును. దీనికంటె బ్యాటరీని విప్పి ఒక రాత్రి ఛార్జి చేయించుట క్షేమకరము.

మాఱ్పు పూర్తియైన తరువాత బ్యాటరీ పెట్టె మూతకు ఒక రేకుముక్కను బిగించి, దానిమీద రంగుతో "12 వోల్టులు, ఋణధ్రువము ఎర్తు" అని స్పష్టముగ వ్రాయింపవలెను. 8ఎన్ ధనధ్రువమే ఎర్తు అని ఎఱిగిన మెకానిక్కు మఱియొకనాడు వచ్చినపుడు తన జ్ఞాపకమునుబట్టి బ్యాటరీని తలక్రిందుగా తగిలింపకుండ ఆ రేకు ఆపును. విప్పిన పాత కాయిలు, జనరేటరు, సోలినాయిడు స్విచ్చి ఒక గోనెలో కట్టి ఇంట నుంచుకొన్నచో, ట్రాక్టరును అమ్మదలచినపుడు, అసలు రూపున నున్న పాత యంత్రములను కోరు కొనుగోలుదారునకు వానితో సహా అప్పగింపవచ్చును. పాత బ్యాటరీని మాత్రము ఇంట నుంచరాదు. అందలి సీసము, ఆమ్లము పిల్లలకును పశువులకును హాని చేయును గనుక క్రొత్తది కొన్న అంగడిలోనే దానిని తిరిగి ఇచ్చివేయవలెను.